అమ్మిరాజు గారి డాట్ ఇన్

మనిషికైనా సరుకుకైనా పేరుంటే చాలదు. ఆ పేరు వెనక ఒక చుక్క, చుక్క వెనక రెండక్షరాలు ఉండాలి. ఈ సత్యం మన దేశంలో 2005 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. వెబ్‌సైట్లకు డాట్ ఇన్ పేర్లు పంచుతున్నామని, ట్రేడ్‌మార్కు ఉన్నవాళ్ళను మూడు వారాలు ముందు వరుసలో నిలబెడతామని అఖిల భారత చుక్కనామ మండలి ప్రకటించింది. (వరుసలో నిలబడటానికి మనిషి అక్కర్లేదు. కాగితం చాలు.)

కొత్తపేటలో కనకరత్నం గారికి ఆ కాగితం ఉంది. ఆవిడ ఇరవై ఏళ్ళుగా మామిడి తాండ్ర చేసి అమ్ముతున్నారు. పొట్లం మీద భర్త ఫోటో, కింద 'అమ్మిరాజు తాండ్ర' అని పేరు. ట్రేడ్‌మార్కు కూడా ఆయన పేరునే తీసుకున్నారు. మా వైపు ఆడవాళ్ళు వ్యాపారం చేస్తే పొట్లం మీద మొహం మగవాళ్ళది ఉంటుంది, లోపల చాకిరీ మాత్రం ఆడవాళ్ళది. ఇకమీదట వెబ్‌సైటు చూసే సరుకు తెప్పిస్తామని హైదరాబాదు కొట్లవాళ్ళు చెప్పేసరికి, ఆవిడ అమలాపురం వెళ్ళి నెట్ సెంటర్ నడిపే సాయిదుర్గాప్రసాద్ చేత దరఖాస్తు పెట్టించారు.

మండలి వారంలోపే జవాబిచ్చింది. మార్కు అమ్మిరాజు గారి పేర ఉంది గనక, ఆయనే స్వయంగా ఈమెయిల్ చేసి ఒప్పుకోవాలట.

"ఆయన పోయి ఏడేళ్ళయిందండీ బాబూ. ఎక్కణ్ణించి చేస్తారండీ?" అన్నారు కనకరత్నం గారు.

"ఆయ్, అదే రాద్దామండీ పిన్నిగారూ. మరణ ధ్రువపత్రం కూడా పెడదామండీ," అన్నాడు ప్రసాద్.

పెట్టారు. హక్కుదారు మరణించిన పక్షంలో, పన్నెండో నిబంధన ప్రకారం, సదరు మరణాన్ని హక్కుదారే ధ్రువీకరించాలని మండలి ఉపకార్యదర్శి శ్రీరామచంద్రమూర్తి గారు ఎంతో మర్యాదగా రాశారు. గడువు ఏడు రోజులు. అమ్మిరాజు గారు ఆ గడువును వినియోగించుకోలేదు.

పేర్లు అందరికీ ఇవ్వడం మొదలైన రోజు పొద్దున్నే, తాండ్ర ఆరబోసే చాప మొహం కూడా చూడని ఒక బెంగళూరు కంపెనీ ఆ పేరు పట్టుకుపోయింది. సైటులో అమ్మిరాజు గారి ఫోటో కూడా పెట్టుకుంది, మీసం కాస్త నల్లబరిచి. కింద ఎర్రటి అక్షరాలతో 'నకిలీలున్నాయి జాగ్రత్త' అని వేసింది. నెల తిరక్కుండా కనకరత్నం గారికి నోటీసొచ్చింది, మా ఫోటో వాడటం మానుకోండి అని.

పక్కింటివాళ్ళం గనక ఆ నోటీసు చదివిపెట్టింది నేనే. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ ఏడ్చేశారు.

"ఆయన ఫోటో నేను వాడకూడదేవిటండీ? ముప్ఫై ఏళ్ళు కాపరం చేసేనండీ!"

ఆ మాటనే ఫిర్యాదుగా రాసి పంపాం. మండలి పద్నాలుగు పేజీల తీర్పిచ్చింది. పెళ్ళి 1968లో జరిగిందన్న వాదనను గమనించామని, అయితే ఆ పెళ్ళి ఎక్కడా రిజిస్టరు కాలేదని, కంపెనీ వారి సైటు మాత్రం సక్రమంగా రిజిస్టరైందని అందులో ఉంది. కాబట్టి పేరూ మొహమూ కంపెనీవే. అలాగని మండలికి మానవత్వం లేదనకూడదు. ఇంట్లో గోడకున్న ఫోటోకి కనకరత్నం గారు దండ వేసుకోవచ్చునని, అది వ్యాపారేతర వినియోగం కిందకి వస్తుందని, ఏడాదికోసారి అనుమతి పొడిగించుకుంటే సరిపోతుందని చివరి పేరాలో రాశారు.