కెమెరాకు ఆనని నర్సవ్వ

బొల్లం నర్సవ్వ పాటను చిత్రీకరించిన టేపులో ఆమె ఎర్రచీర, ముక్కుపుడక, కాళ్ళ కడియాలు వచ్చాయి, నర్సవ్వ రాలేదు. 1997లో హైదరాబాదులో కొత్తగా మొదలైన ఆ పాటల చానల్లో ఇలా జరగడం అప్పటికి పదకొండోసారి. ఎవరూ కంగారు పడలేదు. ఇంజనీరు రామనాథం రిజిస్టరు తెరిచి, ఆమె పేరుకు ఎదురుగా "ఆనలేదు" అని రాసి సంతకం పెట్టాడు.

చానల్‌ను పోషిస్తున్నది ముఖానికి రాసుకునే క్రీముల కంపెనీ. తెలుపు నుంచి నలుపు దాకా నంబర్లు వేసి వాళ్ళిచ్చిన ఒంటి రంగుల అట్ట స్టూడియో తలుపుకు వేలాడుతుండేది. ఒకటి నుంచి ఐదో నంబరు దాకా రంగున్నవాళ్ళు కెమెరాలో నిండుగా కనిపించేవారు. ఆరు, ఏడు అయితే వెనక వరసలో మసకగా. ఆ పైవాళ్ళు గంపో చీపురో పట్టుకుంటే మోచేతుల దాకా వచ్చేవారు. నర్సవ్వది తొమ్మిది.

జనగామ పక్కన నాట్లు వేసే మనిషి ఆమె. ఆమె పాడిన క్యాసెట్టు టీకొట్లలో, బస్టాండుల్లో మోగి మోగి అరిగిపోయింది కనుకనే చానల్ వాళ్ళు కారు పంపించారు.

"నేను గీడనే నిలవడ్డ గద సారూ! ఎట్ల కనవడ?" అని అడిగింది.

"మీ తప్పేం లేదమ్మా," అన్నాడు మేనేజరు వినయ్ చందర్, ఎంతో మర్యాదగా. "గొంతు బ్రహ్మాండంగా వచ్చింది. మనిషే రాలేదు. దానికి ఏర్పాటుంది."

"నా బిడ్డకు చెవులినవడయి సారూ. నా పెదవులు సూసే మాట పోల్చుకుంటది. టీవీల అమ్మ పాట సూస్తనని ఎగురుతున్నది. జర ఇంకోపారి తీయున్రి."

ఇంకోసారి తీశారు. గంప ఇచ్చి కూడా తీశారు. కంపెనీ ప్రతినిధి టేపు చూసి, చేతులు బాగున్నాయని మెచ్చుకుని వెళ్ళిపోయాడు.

ఏర్పాటు అంటే బొంబాయి నుంచి వచ్చిన తాన్యా. రెండో నంబరు. తెలుగు రాదు. నర్సవ్వ కెమెరా కింద గొంతుక్కూర్చుని పెదవులు కదిలిస్తుంటే చూసి, ఆ పిల్ల తనకు చేతనైనట్టు కదిలించింది.

పాట రోజుకు ఆరుసార్లు వచ్చింది. వాడకట్టు అంతా సంబరపడ్డారు. "టీవీల మస్తు తెల్లగున్నవ్ నర్సవ్వా!" అన్నారు. ఎనిమిదేళ్ళ కూతురు సరిత మాత్రం తెరను చేత్తో తడిమి, తల్లి వైపు చూసి, కాదన్నట్టు తల ఊపింది. మళ్ళీ తెర వైపు తిరిగింది. వానాకాలమంతా అలా చూస్తూనే ఉంది.

ఒక మధ్యాహ్నం నర్సవ్వ "బువ్వ తిందాం రా బిడ్డా" అంటే సరితకు అర్థం కాలేదు. మళ్ళీ అంది. సరిత విసుగ్గా టీవీ వైపు వేలు చూపించి, అలా మాట్లాడమని సైగ చేసింది.

నర్సవ్వ చానల్‌కు ఉత్తరం రాయించింది. వారంలోనే జవాబొచ్చింది. ఇలాంటి ఫిర్యాదులు చాలా ఇళ్ళ నుంచి వస్తున్నాయనీ, తెర మీద లాగా పెదవులు కదిలించడంలో తల్లులకు శనివారాలు ఉచితంగా శిక్షణ ఇస్తున్నామనీ, ఒక ఫొటో తేవాలనీ, ఫొటోలో ఆననివారికి మినహాయింపు ఉందనీ.

నర్సవ్వ నాలుగు శనివారాలు బస్సెక్కి వెళ్ళింది. చివరి శనివారం మర్నాడు పెదవులు చిన్నవి చేసి, కొసలు ఎత్తి, తాన్యాలాగే "బిడ్డా" అంది. సరిత కిలకిలా నవ్వుతూ వచ్చి ఒళ్ళో వాలింది.

అదే నోటితో ఒక చరణం పాడబోయింది నర్సవ్వ. గొంతు రాలేదు. పిల్ల ఆకలిగా ఉంది కనుక ముందు అన్నం కలిపింది.