సీమకు వెళ్ళిన నగల ఫోటో

ఆ శుక్రవారం ఉదయం తబిత వేసుకున్న పథకంలో చిక్కేమీ లేదు. టెక్కలిలో చిన్నరైలెక్కి నౌపడాలో దిగి, పెద్దరైలు పట్టుకుని ఇచ్ఛాపురం చేరాలి. అక్కడ ఢిల్లేశ్వరరావు స్టూడియోలో ఫోటో తీయించుకుని, పొద్దు గుంకేలోగా ఇంటికొచ్చి బడిపిల్లల పరీక్ష కాగితాలు దిద్దుకోవాలి. 1926 నాటి మాట ఇది. మిషను బడిలో పంతులమ్మగా ఉన్న తబిత, వైద్యం చదవడానికి స్కాట్లండులో ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంటోంది. బీద ఇంటి నుంచి వచ్చే పరదేశపు అమ్మాయికి వాళ్ళు ఏటా ఒకే ఒక్క ఉచిత సీటు ఇస్తారు. దరఖాస్తుతో పాటు ఫోటో కూడా పంపమన్నారు.

తండ్రి అంద్రెయ తోడు వెళ్ళాడు. మిషను సంఘంలో బోధకుడాయన. కూతురి ప్రయాణానికి అందరికన్నా ముందు ఒప్పుకున్నదీ, అందరికన్నా ఎక్కువ భయపడుతున్నదీ ఆయనే. తబిత తెల్లచీరలో, చేత లావుపాటి పుస్తకంతో కుర్చీలో కూర్చుంది. ఫోటో తయారయ్యేసరికి నాలుగు రోజులు పడుతుందన్నాడు ఢిల్లేశ్వరరావు. సీమకెళ్ళే ఓడ టపా దాటిపోతుందేమోనని, దరఖాస్తూ చిరునామా రాసిన కవరూ అతని చేతికే ఇచ్చి, ఫోటో అందులో పెట్టి పంపెయ్యమని చెప్పి వచ్చేశారు.

అతను పంపాడు. రెండు నెలలకు జవాబు వచ్చింది. మీ మార్కులు మెచ్చదగినవే, కాని ఫోటోలో మీ మెడకూ చేతులకూ నడుముకూ ఉన్న బంగారం చూశాక మీకు ఉచిత సీటు ఎందుకో మాకు బోధపడలేదు, తిరుగుటపాలో సంజాయిషీ పంపకపోతే సీటు వేరొకరికి ఇచ్చేస్తాం అని దాని సారాంశం.

తబిత ఒంటిమీద బంగారం మాట అటుంచి ఇత్తడి కూడా లేదు.

అంద్రెయ కంగారులో ఆ ఉత్తరాన్ని పోస్టుమాస్టరు ఎదుటే పైకి చదివాడు. మధ్యాహ్నానికల్లా బోధకుడి ఇంట్లో నగలున్నాయన్న సంగతి బజారంతా పాకింది. సాయంత్రానికి అవి ఏడువారాల నగలయ్యాయి. ఆదివారం ఆరాధన ముగిశాక సంఘపెద్దలు ఆయన్ను పక్కకు పిలిచి, మందిరం కప్పు మార్పించే విషయం ఎంతో మర్యాదగా కదిపారు. ఇరవై ఏళ్ళుగా పలకరించని మేనత్త కూతురు సువర్ణమ్మ సోమవారం సున్నుండలు పట్టుకొచ్చింది. తన దగ్గర ఏమీ లేదని ఆయన చెప్పినకొద్దీ, దాచుకున్నవాడు ఇంకేమంటాడని జనం తలలు పంకించారు.

"నాయినా, ఇచ్ఛాపురం పోదాం. నా మెళ్ళో నగలు ఆ ఫోటోల పెద్దమనిషే పెట్టుంటాడు" అంది తబిత.

ఢిల్లేశ్వరరావు తన పుస్తకం తిరగేసి నాలుక్కరుచుకున్నాడు. అదే రోజు ఉద్దానం నుంచి వైకుంఠరావు అనే కొబ్బరితోటల ఆసామి, సోంపేట పెళ్ళివారికి నేరుగా పంపెయ్యమని చెప్పి కూతురు కళావతికి ఫోటో తీయించాడు. కళావతి ఫోటో స్కాట్లండు వెళ్ళింది. తబిత ఫోటో పెళ్ళివారికి వెళ్ళింది.

నగలు తమవేనని ఆ ఆసామి కాగితం రాసిస్తే తప్ప సీటు దక్కదు. "ఆ బావు సెడ్డ కోపిష్టోరు తల్లీ, నాను రానేను" అన్నాడు ఢిల్లేశ్వరరావు. తబిత గోడకున్న అతని గొడుగు తీసుకుని స్టేషను వైపు నడిచింది. ఎండ మండిపోతోంది. గొడుగు కోసం అతనూ వెనకాలే వచ్చాడు.

పలాసలో రైలు దిగి, బండి కట్టించుకుని వాళ్ళు ఆసామి ఊరు చేరేసరికి వైకుంఠరావు అరుగు మీద ఎర్రటి కళ్ళతో కూర్చుని ఉన్నాడు. చేతిలో ఫోటో ఉంది. పుస్తకాలు సదివే గుంట మాకొద్దని కబురు చెప్పి, రెండు నెలలు నాన్చిన పెళ్ళివారు ఆ ఉదయమే దాన్ని తిప్పి పంపారు. ఆయన ఫోటో చూశాడు, గుమ్మంలోని తబితను చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు. ఢిల్లేశ్వరరావు అంద్రెయ వెనక్కి జరిగాడు.

తబిత జరిగిందంతా చెప్పింది. "మీ సంబంధం మా మూలంగా సెడిపోనాది. సెమించండి బావూ" అన్నాడు అంద్రెయ, చేతులు జోడించి.

వైకుంఠరావు నోరు తెరిచేలోగా కళావతి లోపలి నుంచి మజ్జిగ తెచ్చి, మొదటి గ్లాసు ఢిల్లేశ్వరరావుకు ఇచ్చింది.

"ఆ పెళ్ళికొడుక్కి నలభై రెండేళ్ళు. వొద్దని సెప్పి సెప్పి నా నోరు నొప్పెట్టినాది. మీరు ఒక్క పటంతో వొదిలించేసినారు" అంది.

తలుపు చాటున తల్లి లక్ష్మమ్మ ఆ సంబంధం అనుకున్నాక మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు వినగానే వైకుంఠరావు కోపం ఎక్కడిదక్కడే దిగిపోయింది. కాగితం తెమ్మన్నాడు. నగలన్నీ ఒక్కొక్కటే రాయించి, చివర్లో గొంతు తగ్గించి, "వడ్డాణం మాది కాదు, అడిగి తెచ్చినాం. అది రాయకండి" అన్నాడు.

ఆ కాగితం అసలు ఫోటోతో కలిసి ఓడెక్కింది. తిరిగి తంతి వచ్చింది: సీటు తబితదే. అంద్రెయ దాన్ని తలుపు వేసుకుని మూడుసార్లు చదివాడు. ఆ పూట అన్నం రుచి ఆయనకు కొత్తగా తెలిసింది.

తబిత బయల్దేరేలోగా ఉన్న రెండు నెలలూ కళావతి టెక్కలిలో పిన్ని ఇంట ఉండి, రోజూ ఆమె దగ్గర అక్షరాలు దిద్దింది. "పుస్తకం సూసి పారిపోయేవోళ్ళు ఇంకెందరున్నారో సూడాలప్పా" అంది.

కార్తికంలో కళావతికి తబిత ఉత్తరం వచ్చింది. ఇక్కడి ఓట్స్ జావ మన చోడంబలి ముందు దిగదుడుపేననీ, మొదటి వారమంతా ఏడ్చాననీ, రెండో వారం నుంచి ఏడవడానికి తీరిక దొరకలేదనీ రాసింది. కళావతి దాన్ని కూడబలుక్కుంటూ ఇంటిల్లిపాదికీ చదివి వినిపించింది.

వైకుంఠరావు మళ్ళీ సంబంధాలు చూస్తున్నాడు. పిల్లను చూడవచ్చిన పెళ్ళికొడుకు చేతికి కళావతి ముందుగా ఆ ఉత్తరం ఇచ్చి చదవమంటోంది. ఇప్పటికి ముగ్గురు కళ్ళజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చారు.