దెబ్బలు లేని షెడ్డు

సోమవారం పొద్దున్న ఫల్గుణ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. షెడ్డులో మూలనున్న బోర్డును తీసి గుమ్మం ఎదురుగా కొట్టాలి, అంతే. పదింటికి పెద్దాఫీసు నుంచి లక్ష్మీప్రసాద్ గారు వస్తారు. హుకుంపేట దాటాక కొండవాలున ఉన్న ఆ ఊరి వడ్రంగి షెడ్డుకు చిత్రిక పట్టే కరెంటు మిషను ఇవ్వాలో వద్దో ఆయన తేలుస్తారు. లోపలికి అడుగు పెట్టగానే ఆయన కళ్లు ఆ బోర్డు మీదే పడాలని ఫల్గుణ ఆశ.

బోర్డు మీద 'దెబ్బ తగలని రోజులు' అని రాసి, కింద అంకెల రేకులు తగిలించి ఉంటాయి. ఆ పొద్దుటికి 211.

పదకొండు మంది పనిచేసే ఆ షెడ్డుకు ఫల్గుణ ఇన్‌ఛార్జి. కాఫీ తోటల్లో కొట్టిన సిల్వర్ ఓక్ చెక్కతో వాళ్లు తేనెపెట్టెలు, బడి బెంచీలు చేస్తారు. ఏ పనిముట్టు ఎక్కడ పెట్టాలో తెలియడానికి గోడ మీద ప్రతి ఉలికీ, ప్రతి రంపానికీ ఎర్రరంగుతో ఆకారం గీసింది అతనే. ఒంటరిగా స్టూలెక్కరాదు, బూట్లు లేకుండా లోపలికి రారాదు అని నిబంధనలు రాసిందీ అతనే. ఆ పూట ఒంటరిగా, చెప్పులతో స్టూలెక్కిందీ అతనే. సారు చూస్తారని బూట్లన్నీ పాలిష్ పట్టి వరసగా పేర్చాడు మరి, వాటిని కదపబుద్ధి కాలేదు.

పనస చెక్క బోర్డు. మేకు సగం దిగాక చెయ్యి జారింది. బోర్డు అంచు నేరుగా ఎడమ కాలి బొటనవేలి మీద పడింది, గోరు రెండుగా చీలింది. ఫల్గుణ అరవలేదు. అరిస్తే నలుగురూ వస్తారు, వస్తే సున్నా పెట్టాలి. పళ్లు బిగబట్టి వేలికి గుడ్డపీలిక చుట్టి, మళ్లీ స్టూలెక్కి బోర్డు కొట్టి, 212 తగిలించి దిగాడు.

ముందుగా వచ్చింది గాసి, అందరిలోకీ పెద్దవాడు. "ఏట్రా, కుంటతన్నావు?"

"మోకాలు నొప్పి."

గాసి వెంటనే ఇంటికెళ్లి ఏదో ఆకు నూరిన ముద్ద తెచ్చి, పంచె పైకి మడవమన్నాడు. పంచె మడిస్తే కాలు కనిపిస్తుంది. "మోకాలు కాదులే, జొరం. ఒళ్లంతా నొప్పులు," అన్నాడు ఫల్గుణ.

వానాకాలంలో ఆ కొండల్లో జ్వరమన్న మాట తేలిగ్గా పోయేది కాదు. పావుగంటలో ఆశా కార్యకర్త ముత్యాలమ్మ మలేరియా కిట్టుతో వచ్చేసింది. ఫల్గుణ వద్దన్నకొద్దీ ఆమెకు అనుమానం పెరిగింది. "జొరం తలకెక్కితే ఇలాగే వొద్దంతారు. బేగి సెయ్యియ్యి," అంటూ వేలికి సూది గుచ్చి, రక్తం తీసి, దూది పెట్టి, తెల్లటి పట్టీ చుట్టింది. అలా దెబ్బలు లేని షెడ్డు ఇన్‌ఛార్జికి అందరికీ కనిపించేలా చేతికి ఒక కట్టు పడింది.

ఈలోగా కాలి పీలిక తడిసి, ఊడ్చిన నేల మీద ఎర్రచుక్కలు పడుతున్నాయి. జీపు చప్పుడు విని ఫల్గుణ ఇంకేమీ తోచక, రంపపు పొట్టు గోనెలో కాలు దించి స్టూలు మీద కూలబడ్డాడు.

లక్ష్మీప్రసాద్ గారు లోపలికొచ్చారు. అందరూ లేచారు, ఇన్‌ఛార్జి తప్ప.

"మీకు లేవడం కష్టమా?"

"జొరం సార్."

"జొరం లేదు సార్," అంది ముత్యాలమ్మ. ఆమెకు అబద్ధం చేతకాదు. "ఒంటి గీతే వొచ్చింది. మలేరియా కాదు."

"మోకాలు సార్," అన్నాడు గాసి, సాయం చేద్దామని.

ఆయన వేలి కట్టునూ, గోనెలో కాలునూ, గోడ మీద 212నూ వరసగా చూశారు. దెబ్బ తగిలితే రాసే రిజిస్టరు అడిగారు. స్వర్ణ తెచ్చిచ్చింది. తేనెపెట్టెలు చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. రిజిస్టరు ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. మందుల పెట్టె సీలూ అలాగే ఉంది. అంత శుభ్రంగా ఉంచినందుకు ఫల్గుణకు లోలోపల కాస్త గర్వమనిపించింది.

"పదకొండు మంది ఏడు నెలలు ఉలి, రంపం పట్టుకుంటే ఒక్క గీరు కూడా పడదా?" అన్నారాయన. "పడలేదంటే ఇక్కడ పనే జరగట్లేదు. పైవాళ్లకీ అదే అనుమానం. మూతపడిందని రాసేస్తాను. మిషను పాచిపెంట వైపు వెళ్తుంది."

రెండేళ్ల కష్టం, పదకొండు ఇళ్ల పొయ్యి. ఫల్గుణ గోనెలోంచి కాలు తీసి ముందుకు చాపాడు. నెత్తురుకు అంటుకున్న పొట్టుతో అది కాలులా లేదు. "ఈ పొద్దే తగిలింది సార్. రాసుకోండి."

ఆయన కలం తీశారు. అప్పుడు స్వర్ణ కొంగు చాటునుంచి ఎడమ చెయ్యి బయటపెట్టింది. అరచేతిలో అడ్డంగా మచ్చ. "ఉలి తగిలింది. పసుపెట్టి కట్టుకున్నాను."

గాసి తలగుడ్డ విప్పాడు. చెక్క పడిన చోట జుట్టు లేదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. వేళ్లు, మణికట్లు, పిక్కలు. అందరిలోకీ చిన్నది రాజకుమారి చివరగా వచ్చింది. "నాకు కంట్లో చెక్క పేడు పడింది సార్. తగ్గింది. ఆ కంటికి మసగ్గా కనిపిత్తాది, అంతే."

ఫల్గుణ ఆమె కంటిలోకి చూడలేకపోయాడు. "ఎందుకు సెప్పలేదు గుంటా?" అన్నాడు.

"నువ్వు రోజూ పొద్దున్న ఆ అంకె మార్సేటప్పుడు నవ్వుతావు కదన్నా," అంది రాజకుమారి.

రెండు వందల రోజులు వీళ్లను కాపాడుతున్నానని ఫల్గుణ నిశ్చింతగా నిద్రపోయాడు. కాపాడింది వాళ్లు, ఆ అంకెను.

మూడు పేజీలు నిండాక లక్ష్మీప్రసాద్ గారు కలం మూసి, ముత్యాలమ్మనూ రాజకుమారినీ జీపెక్కించుకుని కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరారు. మిషను సంగతి ఆయన ఎత్తలేదు, ఎవరూ అడగలేదు.

పదిరోజులకు కాగితం వచ్చింది. ముందు శిక్షణ, తర్వాతే మిషను. అంతవరకు స్వర్ణ ఇన్‌ఛార్జి. షెడ్డు మూతపడలేదని, నడుస్తోందని కూడా అందులో రాశారు; నడవలేకపోతున్నది ఫల్గుణ ఒక్కడే.