ఆగని లిఫ్టుకు మార్కుల్లేవు

ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, మా లిఫ్టుల మరమ్మతు సంస్థలో పనితనానికి మంచిరోజులు వచ్చాయి. పదకొండుమంది మెకానిక్‌లమైన మాకు యజమానిగారి మేనల్లుడు నాయకుడయ్యాడు. వయసు ఇరవై అయిదు. లిఫ్టులతో అనుభవం లేదనడానికి వీల్లేదు, చిన్నప్పటినుంచీ ఎక్కుతూనే ఉన్నాడు.

మొదటిరోజే మమ్మల్ని వరుసగా నిలబెట్టి ప్రసంగించాడు.

"నేను మీకు బాస్‌ని కాను, మీలో ఒకణ్ణి. మనది ఆఫీసు కాదు, కుటుంబం. ఈ కుటుంబంలో ఎవరైనా వెనకబడితే మూడు నెలలు ఓపిక పడదాం. తర్వాత సాగనంపుదాం!"

చప్పట్లు కొట్టాం. ఇకమీదట పొద్దుటి మీటింగులన్నీ నిలబడే జరగాలని, దానివల్ల చురుకుదనం పెరుగుతుందని ఆయన కనిపెట్టాడు. తనకు అప్పటికే చురుకుదనం ఉంది కనుక తాను మాత్రం కూర్చున్నాడు.

మర్నాడు గోడమీదికి తెల్లబోర్డు వచ్చింది. బాగుచేసిన ప్రతి ఫిర్యాదుకూ అయిదు మార్కులు. ఇంతకుమించిన న్యాయం ఎక్కడా దొరకదని మేమంతా ఒప్పుకున్నాం. ఒప్పుకోనివాళ్లకు మార్కులు కోస్తామని చెప్పాకే లెండి.

మొదటినెల అగ్రస్థానం మెరుపుది. మనిషి చురుకు చూసి మేం పెట్టిన పేరది. అతను చూసే లిఫ్టులు రోజూ ఆగుతాయి. రోజూ పరుగెత్తుకెళ్లి, మర్నాడు మళ్లీ ఆగేలాగే బాగుచేసి వస్తాడు.

అట్టడుగున సున్నాతో నిలిచినవాడు బాబాయి. అందరికీ ఆయన బాబాయే. ముప్పయ్యేళ్ల సర్వీసు, రిటైరవడానికి ఇంకో రెండేళ్లు మిగిలి ఉన్నాయి. జనం పనులకు బయల్దేరకముందే వెళ్లి, మెషిన్ గదిలో మోటారు పక్కన కళ్లు మూసుకుని కాసేపు వింటాడు. కీచుమన్నచోట గ్రీజు పెడతాడు. అరిగిన తాడును తెగేదాకా ఉంచడు. ఆయన చూసే పద్నాలుగు లిఫ్టులనుంచి ఫిర్యాదు వచ్చి ఆరేళ్లయింది. బాగుచేయడానికి ఏమీ లేదు కనుక ఆయన ఏమీ చేయడంలేదని లెక్క తేలింది.

తొందరపడకూడదని నాయకుడు ఆ భవనాలవాళ్లకు ఫోన్ చేసి కూడా అడిగాడు. "మెకానిక్కా? మేమెప్పుడూ చూళ్లేదే!" అని అందరూ ఒక్కమాటే చెప్పారు. దీంతో సాక్ష్యమూ దొరికింది. 'మీ బలహీనతలు రాయండి' అన్న కాగితంలో బాబాయి 'మోకాళ్లు' అని రాసిచ్చాడు. అది నిర్లక్ష్య వైఖరి కింద నమోదైంది.

రెండోనెలకల్లా మిగిలినవాళ్లం కిటుకు పట్టేశాం. మెరుపు మనసున్నవాడు. బాబాయిని పక్కకు పిలిచాడు.

"బాబాయ్, ఒక్క స్క్రూ వదులుగా పెట్టు. వారానికోసారి ఆగితే చాలు, నీ ఉద్యోగం నిలుస్తుంది."

"ఆ మూడో బిల్డింగులో కడుపుతో ఉన్న పిల్ల ఉందిరా. లోపల ఇరుక్కుంటే?"

"ఎప్పుడో ఒక్కసారి కదా!"

"ఒక్కసారి చాలదూ?" అన్నాడు బాబాయి.

మూడోనెలా సున్నాయే. నాయకుడు ఆయన్ని గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఆ గదిలో మాలో ఒకడికి కుర్చీ దొరకడం అదే మొదలు.

"అంకుల్, మీరంటే నాకు చాలా గౌరవం. కానీ మీ మార్కులు చూడండి."

"లిఫ్టు ఆగలేదు కదా బాబూ."

"అదే కదా అంకుల్ ప్రాబ్లెమ్!"

బాబాయి గ్రీజు డబ్బా బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు. మా పదిమందీ బోర్డువైపు తిరిగి మా మార్కులు లెక్కపెట్టుకున్నాం. సిగ్గుపడవలసిందే, కానీ సిగ్గుకు బోర్డుమీద గడి లేదు.

ఆయన లిఫ్టులన్నీ మెరుపు చేతికొచ్చాయి. నెల తిరక్కుండానే మూడో భవనంలో లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగింది. లోపల ఆ అమ్మాయి, నొప్పులతో. ఇన్నాళ్లూ పొద్దున్నే బాబాయికి గేటు తీసిన వాచ్‌మన్ మా సంస్థకు ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇచ్చాం. బాబాయికి చేస్తే బాబాయే వచ్చాడు. ఆ మోకాళ్లతోనే తొమ్మిదంతస్తులు ఎక్కి పైనున్న మెషిన్ గదికి చేరి, బ్రేకు చేత్తో వదులుచేసి, లిఫ్టును మెల్లగా దించి తలుపు తీయించాడు. అమ్మాయి ఆసుపత్రికి చేరింది, పాప పుట్టింది. గంట తర్వాత మెరుపు వచ్చి, బాగుచేసినట్టు ఫిర్యాదు కాగితంమీద సంతకం పెట్టాడు.

ఆ సంతకానికి అయిదు మార్కులు, ప్రాణరక్షణ కింద మరో ఇరవై. ఫిర్యాదులు నాలుగింతలయ్యాయి కనుక మా మార్కులూ నాలుగింతలయ్యాయి. మేనల్లుడిగారికి ఉత్తమ యువనాయకుడి బహుమతి వచ్చింది. సభ ఎనిమిదో అంతస్తులో పెట్టారు, అతిథులంతా మెట్లెక్కి వచ్చారు. ఆ అమ్మాయి మామగారు ఆయాసపడుతూనే మెరుపుకు పూలగుత్తి ఇచ్చి కళ్లు తుడుచుకున్నాడు. బాబాయినీ మేం మరిచిపోలేదు. అనధికార వ్యక్తి యంత్రాన్ని ముట్టుకున్నందుకు ఆయన ఇంటికి నోటీసు పంపాం.

చివరగా పాఠకులకు చిన్న మనవి. మీ భవనంలో లిఫ్టు ఏళ్లతరబడి ఆగకుండా తిరుగుతోందా? దాన్ని చూసే మనిషి ముఖమైనా మీరు చూసి ఎరగరా? అయితే వెంటనే మాకు ఫోన్ చేయండి. అక్కడెవరో పని చేయడంలేదు. తీసేస్తాం.