పదునెక్కిన చెవి

హోరును మించిన వరం మనిషికి లేదు! కాదనేవాళ్లు ఓసారి మా షెడ్డుకు రండి. రేకుల్ని ప్రెస్సుల కింద కొట్టి డబ్బాలు చేస్తాం. ఆ మోతలో సూపర్‌వైజరు తిట్టు ఒక్కటైనా చెవిన పడుతుందా? ఇంటికెళ్లాక కూడా దాని చలవే! బావమరిది గంటసేపు సలహాలిచ్చినా నేను చిరునవ్వుతో కూర్చుంటాను. ఇంత మనశ్శాంతి ఏ ఆశ్రమంలో దొరుకుతుంది?

కొత్తగా చేరినవాడు మొదట్లో "చెవుల్లో ఒకటే ఈల మామా" అని గోల పెడతాడు. ఆ గోల ఆగిన రోజు వాడికి అందరం కలిసి టీ ఇప్పిస్తాం. "చెవి పదునెక్కిందిరా, ఇక నువ్వు మావాడివి!" అంటాం.

ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. పదునంటే పదునే అనుకున్నాను. మొన్న మా అమ్మాయి వెనకనుంచి "నాన్నా, నాన్నా" అని పిలిచి పిలిచి, చివరికి చొక్కా పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్లింది.

చెవి డాక్టరమ్మ బొమ్మ గీసింది. శబ్దం ముందు చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న గొట్టంలో సన్నటి వెంట్రుకల్ని కదిలిస్తుందట. అక్కడ నరమెక్కి, మెదడు కాండం మీదుగా, నడిమెదడు దాటి, థాలమస్ అనే జంక్షన్‌లో బండి మారి, కణత లోపలి ఆడిటరీ కార్టెక్స్‌లో దిగుతుందట. అక్కడ దిగితే గానీ పిలిచింది కూతురని తెలియదట! నా దారంతా భేషుగ్గా ఉంది. ఎక్కే స్టేషనే కూలిపోయింది.

"పదునూ లేదు, పాడూ లేదండీ. ఆ వెంట్రుకలు చచ్చిపోయాయి, మళ్లీ మొలవవు. మిగిలినవైనా దక్కాలంటే చెవులు మూసే ఇయర్ మఫ్స్ పెట్టుకోండి" అంది. నెత్తిమీదివే మొలవలేదు, లోపలివి మొలుస్తాయా!

అందరం వెళ్లి యజమానిని అడిగాం. ఆయన గదికి రెండు పొరల అద్దాలు. లోపల గోడ గడియారం చప్పుడు కూడా వినిపిస్తుందని మావాళ్లంటారు.

"ఇన్నేళ్లు లేని సుకుమారం ఇప్పుడెందుకయ్యా? అలవాటైపోయిందిగా!" అన్నారాయన.

నిజమే! ఇంత వరాన్ని మేమే అనుభవిస్తూ, జీతమిచ్చే మనిషికి దక్కనివ్వకపోవడం అన్యాయం కాదూ? మర్నాడు పొద్దున్నే ఆయన గది తలుపు బార్లా తెరిచి, మూసుకుపోకుండా ఇనపదిమ్మ అడ్డం పెట్టాం. "మా చెవుల సంగతి తేలేదాకా ఇది కదలదండీ" అని వినయంగా చెప్పి, ప్రెస్సులన్నీ ఒక్కసారే ఆన్ చేశాం.

నమ్మండి, మధ్యాహ్నానికల్లా ఇయర్ మఫ్స్ వచ్చాయి! ఖరీదైన రకమే. మెత్తగా, నల్లగా నిగనిగలాడుతున్నాయి.

ఒక్క జత. ఆయనకి బాగా నప్పాయి.