కొండలయ్య గారికి పర్మిషన్ లేదు

అయ్యలారా, అమ్మలారా! సిఫార్సుకి లొంగని ఉద్యోగి ఈ లోకంలో ఇంకా ఒకడు మిగిలున్నాడు. వాడికి జీతం లేదు, సెలవు లేదు, యూనియన్ లేదు. సర్వర్‌లో కూర్చుని వచ్చినవాళ్ళనల్లా 'లాగిన్ ఫెయిల్డ్' అని వెనక్కి తోలేస్తుంటాడు. మీరంతా వాణ్ణి తిట్టుకుంటారు. నేను మాత్రం వాడికి దండ వేయాలంటాను!

ఎందుకంటారా? బంట్రోతు మొదలు పెద్ద సారు దాకా ఎవర్నయినా బతిమాలొచ్చు, టీ తాపించొచ్చు, 'మా బావమరిది మీకు బాగా తెలుసంట' అని వరస కలపొచ్చు. సర్వర్‌తో వరస కలిపి చూడండి! నువ్వు ఎవరి తాలూకా అని కూడా అడగదు. ఉన్నోడికీ లేనోడికీ ఒకటే జవాబు. సమానత్వం అంటే ఇంతకంటే ఏముంది?

అనుమానముంటే మా పక్కకి రండి. ఆత్మకూరుకీ ఉదయగిరికీ నడుమ ఒక పశువుల ఆస్పత్రి ఉంది. ఊరి పేరు చెప్పను, మా గేదెని మళ్ళీ అక్కడికే తోలుకుపోవాలి. ఆ గేదె పుణ్యాన రోజూ పోయి కూర్చున్నాను కాబట్టి జరిగిందంతా కళ్ళారా చూసినాను.

అక్కడ కొండలయ్య గారని పెద్ద గుమాస్తా. కంప్యూటర్ వచ్చిన కొత్తలో ఆయన పేరు మీద అకౌంటు తెరిచినారు. తర్వాత చేరినవాళ్ళు మాకూ ఒకటి కావాలంటే, "నాది వాడుకోండ్రా, నేనేమన్నా పరాయోణ్ణా?" అనేవాడు. మనవాళ్ళ సంగతి తెలియందేముంది! ఒకరి తువ్వాలుతో ఇంకొకరు మొహం తుడుచుకుంటాం, ఒకరి చెప్పులేసుకుని ఇంకొకరు టీకి పోతాం. పాస్‌వర్డ్‌కి మాత్రం అంటూ సొంటూ ఏంది? పొద్దున ఆఫీసుకొచ్చి అందరూ కొండలయ్య గార్లయ్యేవాళ్ళు. ఆఖరికి మందుల లెక్క చూసే ప్రోగ్రాం కూడా సర్వర్‌లోకి ఆయన పేరు చెప్పుకునే పోయేది.

మే నెలాఖరుకి ఆయన రిటైరైనాడు. శాలువా కప్పినారు, పళ్ళబుట్ట ఇచ్చినారు, ఫోటోలు దిగినారు. హెడ్డాఫీసు కూడా తన వంతుగా ఆయన అకౌంటు ఆపేసింది. మర్నాడు కంప్యూటర్ తెరిస్తే ఏముంది, ఆస్పత్రి ఆస్పత్రంతా లాగిన్ ఫెయిల్డ్!

ఇక చూడాలి రిపేరు! ఒకరు మౌస్ మార్చినారు. ఒకరు వైరు పీకి, నోటితో ఊది, మళ్ళీ గుచ్చినారు. ఎవరో మానిటర్ మీద నిమ్మకాయ పెట్టినారు. తెర మీద ఎర్రక్షరాలతో 'ఈ అకౌంటుకి అనుమతి లేదు' అని ఇంగ్లీషులో పడతానే ఉండాది. అదొక్కటీ ఎవరూ చదవలా. అది కంప్యూటర్ సొంత వ్యవహారం అనుకున్నారు!

అప్పుడు ఆపరేటర్ సురేంద్రబాబుకి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. డాక్టర్ మేడం దగ్గరికి పరిగెత్తినాడు. "ఆయన వేళ్ళకి అలవాటు పడుంటది మేడం. ఆయనొచ్చి కొడితేనే తెరుచుకుంటది." ఆయనుండే ఉదయగిరికి జీపు పోయింది. రిటైరైన కొండలయ్య గారు పాత ఆఫీసు చొక్కా తొడుక్కుని వచ్చినారు, మిషన్ గుర్తుపట్టొద్దూ మరి! పాత కుర్చీలో కూర్చుని ఒక్కో అక్షరం వెతికి కొట్టినారు. లాగిన్ ఫెయిల్డ్. పాపం, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. "ఇన్నేళ్ళు చాకిరీ చేసినాను, నన్నే ఎవుడివిరా అంటా ఉండాది!"

ఇదంతా వసారాలో కూర్చుని పిచ్చమ్మ చూస్తా ఉండాది. మొగుడు పోయినాక గొర్రెల మందే ఆమెకి కూడు. తొలకరికి లేచిన లేత పచ్చిక మేస్తే గొర్రెలకి చిటుకు రోగం వస్తుంది. పొద్దున గంతులేసిన గొర్రె సాయంత్రానికి కాళ్ళు చాపేస్తుంది. అందుకే వానకి ముందే టీకా పడాలి. టీకా ఎక్కడో లేదు. కొండలయ్య గారి కుర్చీ వెనకున్న ఫ్రిజ్‌లోనే ఉంది.

"ఆ పెట్టెకి కూడా పాస్‌వర్డ్ ఉండాదా అమ్మా?" అని పిచ్చమ్మ అడిగింది.

డాక్టర్ రజిని మేడం మంచి మనిషే. "మందు ముందు కంప్యూటర్లో తగ్గాల పిచ్చమ్మా, ఆ తర్వాతే ఫ్రిజ్‌లో తగ్గాల. అట్టా కాకుండా ఇస్తే రేపు నన్ను దొంగంటారు" అంది. ఎంత క్రమశిక్షణ! గొర్రెలకి ఈ సంగతి తెలిస్తే గర్వపడేవి.

చివరికి నెల్లూరులో సర్వర్లు చూసే రియాజ్‌కి ఫోన్ చేసినారు. "మిషన్‌కి జబ్బేం లేదు మేడం. వేరే అకౌంటుకి పర్మిషన్ ఇస్తే చాలు. ఆ టిక్కు కొట్టే అధికారం నాకు లేదు, హెడ్డాఫీసులో మీ పెద్ద సారుకే ఉండాది. రెండు నిమిషాల పని" అన్నాడు.

పెద్ద సారు కాదన్లేదు. అనరు కూడా! పోర్టల్‌లో రిక్వెస్టు పెట్టండి అన్నారు. పోర్టల్ తెరిస్తే ముందు లాగిన్ కమ్మంది. అయితే కాగితం పంపండి అన్నారు. పంపితే, పర్మిషన్ ఎవరి పేరు మీద ఇవ్వాలి, రేపేదన్నా తేడా వస్తే జవాబు ఎవరు చెప్తారు అని ఒక మీటింగ్ పెట్టినారు. మీటింగ్‌లో తేలనిది ఇంకో మీటింగ్‌లో తేల్చుకుందామనుకున్నారు. ఊరికే తొందరపడి వేలు కదిలించే మనిషా ఆయన?

ఈలోగా వాన పడింది. ఉదయగిరి కొండ పచ్చగా నిగనిగలాడింది. జనం ఫోటోలు తీసి స్టేటస్‌లు పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

ఆ తర్వాతెప్పుడో టిక్కు పడింది! లాగిన్ సక్సెస్! సురేంద్రబాబు మైసూర్‌పాకు పంచినాడు. నేను సంతోషం పట్టలేక ఆత్మకూరు పోయి సర్వర్‌కని బంతిపూల దండ కొనుక్కొచ్చినాను. పిచ్చమ్మకి కబురు పోయింది. వచ్చింది.

"రా పిచ్చమ్మా, నీదే మొదటి పేరు! గొర్రెలెన్నో చెప్పు" అన్నాడు సురేంద్రబాబు.

"ఒక్కటీ లేదు నాయనా. శానావరకు నా కళ్ళ ముందే పడిపోయినాయి. మిగిలినవి భయమేసి సంతకి తోలేసినాను."

సురేంద్రబాబు నోట్లో మైసూర్‌పాకు అట్నే ఆగిపోయింది. ఏం చేయాలో తోచక గొర్రెల సంఖ్య దగ్గర సున్నా కొట్టినాడు. తెర మీద మళ్ళీ ఎర్రక్షరాలు. సున్నాకి అనుమతి లేదంట. ఈసారి మాత్రం అందరూ చదివినారు.

"అయితే నేను ఇంటికి పోతాను" అని పిచ్చమ్మ లేచింది. "దానిక్కూడా పర్మిషన్ కావాల్నా అమ్మా?"

నేను దండ పట్టుకుని నిలబడిపోయినాను. సర్వర్‌కి వేయబుద్ధి కాలా. పాపం, ఈ ఘనతలో దానికి వంతు లేదు, అది మొదటి రోజే నిజం చెప్పింది కదా! తిన్నగా పోయి పెద్ద సారు మెడలో వేసి, ఆ రెండు నిమిషాలు ఎక్కడ దాచిపెట్టినారు సార్ అని అడగాలనుకున్నాను. ఫోన్ చేస్తే, సారుని కలవాలంటే ముందు పోర్టల్‌లో లాగిన్ కావాలన్నారు. ఆ బంతిపూలు మా గేదె తినేసింది.