ఎలుగుబంటిగారు పట్టి చూసిన తీగ

ఒక పెద్ద అడవిలో ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు దానికో అధికారిని వేసేవారు. పని ఆగినా ఫరవాలేదు గాని, అధికారి లేకపోతే సింహంగారికి నిద్ర పట్టేది కాదు.

ఒక ఏడు వాగు పొంగి పల్లంలోని కుందేళ్ల బొరియలు మునిగాయి. పిల్లల్ని పోగొట్టుకున్న ఒక తల్లి కుందేలు సింహంగారి గుహ ముందు కూర్చుని లేవనంది. దాంతో వరద హెచ్చరిక ప్రాజెక్టు మంజూరైంది. ఏర్పాటు తేలికే. సాలీళ్లు ఎగువన వాగు నుంచి పల్లం దాకా దారం లాగుతాయి. నీళ్లు పెరిగితే దారం కదిలి, చివర కట్టిన ఎండు దిరిసెన కాయలు గలగలమంటాయి. కుందేళ్లు గట్టెక్కుతాయి.

అధికారిగా ఎలుగుబంటిగారు వచ్చారు. మంచివారే, అదే చిక్కు. చెడ్డవారైతే ఇంట్లో కూర్చునేవారు. రోజూ పొద్దున్నే సాలీళ్లను వరసగా నిలబెట్టి నిన్న ఎంత అల్లారో, ఇవాళ ఎంత అల్లుతారో, అసలెందుకు అల్లుతున్నారో చెప్పించేవారు. తరువాత నాణ్యత చూడాలి గనుక ప్రతి పోగునూ స్వయంగా పట్టి లాగేవారు. అది తెగేది. సిబ్బంది పనితనం నాసిరకం అని రాయించేవారు.

"అయ్యా, పోగుల సంగతి మాకు వదిలేయండి. వాగు పొంగిననాడు కాయలు మోగకపోతే అప్పుడు అడగండి" అంది పెద్ద సాలీడు.

"వదిలేస్తే ఇక నేనెందుకమ్మా?" అన్నారు ఎలుగుబంటిగారు. ఇంకో పోగు పట్టి లాగారు.

మబ్బులు కమ్ముకొస్తున్నాయి. దారం సగం దూరం కూడా రాలేదు. తల్లి కుందేలు మళ్లీ పిల్లల్ని పెట్టింది. వాటిని చూసి పెద్ద సాలీడు ఒక ఉపాయం ఆలోచించింది. రెండు చెట్ల మధ్య ఎప్పటినుంచో పాకివున్న తిప్పతీగను ఎలుగుబంటిగారికి చూపించి, ప్రధాన దారం ఇదేననీ, దీన్ని తమరే కనిపెట్టుకోవాలనీ విన్నవించుకుంది. ఆయన పొంగిపోయి పగలంతా ఆ తీగనే లాగుతూ గడిపారు. అవతల సాలీళ్లు మూడు రోజుల్లో పని ముగించాయి.

నాలుగోనాడు వాగు పొంగింది. కాయలు మోగాయి. ఒక్క పిల్ల కూడా పోలేదు.

సింహంగారు సభ పెట్టి ఎలుగుబంటిగారికి దండ వేశారు. ఆయన వినయంగా లేచి, "నేను ఎంత లాగినా తెగనిది ఆ తీగ ఒక్కటే. అందుకని వచ్చే ఏటి నుంచి సాలీళ్లు అక్కర్లేదు, దారి పొడుగునా తిప్పతీగే వేద్దాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తీగ నీళ్లకు కదలదనీ, కాయల్ని మోగించింది తమ దారమేననీ పెద్ద సాలీడు చెప్పబోయింది. చెబితే అధికారిని మోసగించానని ఒప్పుకోవాలి. తానూ చప్పట్లు కొట్టింది.

తల్లి కుందేలు సభ ముగిసేదాకా ఆగలేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని, బొరియ తవ్వుకోవడానికి కొండమీదికి వెళ్లిపోయింది.

నీతి: అధికారి చేతికి ఆడుకోవడానికి ఏదైనా ఇవ్వండి గాని, తెగనిది మాత్రం ఇవ్వకండి.